ఆ సమాధి ఎక్కడికి పోయింది? – వీడియో గేముల కథారచయితలకు బహిరంగ లేఖ

వీడియో గేముల కథలు రాసేవారికి, రాయించేవారికి, రాసినదాన్ని నాలుగేళ్ల తర్వాత కొట్టేసేవారికి,

నమస్కారం.

ముందు ఒక సమాధి సంగతి చెబుతాను. ఆట పేరు చెప్పను, దాన్ని తయారుచేసిన సంస్థ పేరూ చెప్పను. ఆ సంస్థకు ఇప్పటికి మూడు ఉత్తరాలు రాశాను. మూడింటికీ అక్షరం పొల్లుపోకుండా ఒకే జవాబు వచ్చింది. అందుకే ఈసారి అందరికీ కలిపి రాస్తున్నాను.

అది ఆన్‌లైన్‌లో ఆడే ఆట. అందులో మన వెంట ఒక ముసలి సైనికుడు తిరుగుతుంటాడు. మాట తక్కువ, దగ్గు ఎక్కువ. కథ సగానికి వచ్చేసరికి యుద్ధంలో అతని చెల్లెలు చనిపోతుంది. ఆమెను కొండ మీద పూడ్చిపెట్టాలి. ఆ పనిని ఒక కట్‌సీన్‌లో, అంటే మనం ఊరికే చూసే దృశ్యంలో, చూపించి వదిలేయలేదు, మన చేతే చేయించారు. వాగులో రాళ్లు ఏరి ఒక్కొక్కటే మోసుకుంటూ కొండెక్కాలి. మొత్తం పద్నాలుగు రాళ్లు. రాయి చేతిలో ఉన్నంతసేపూ పరుగెత్తలేం, కత్తి దూయలేం. బటన్ మీద నుంచి వేలు తీస్తే రాయి జారి వాగు దాకా దొర్లిపోతుంది. నాకు గంటకు పైగా పట్టింది. విసుగు కూడా వచ్చింది. తొమ్మిదో రాయి దగ్గర ఆ ముసలాయన "ఇక చాల్లే" అన్నాడు. చాలదని ఇద్దరికీ తెలుసు, గుంత ఇంకా కనబడుతూనే ఉంది. పద్నాలుగూ పేర్చాక తెర మీద ఒక చిన్న మాట వచ్చింది: మోకరిల్లు. దానికి పాయింట్లు లేవు, బహుమతి లేదు. తర్వాతి నాలుగేళ్లలో ఆ కొండ మీదుగా ఎన్నిసార్లు వెళ్లానో లెక్కపెట్టలేదు గాని, వెళ్లిన ప్రతిసారీ ఆగి ఆ బటన్ నొక్కాను.

నాలుగేళ్లకు కొత్త అధ్యాయం వచ్చింది. ఆ సైనికుడు మొదటి నుంచీ శత్రువులు పంపిన గూఢచారి అట. అతనికి అసలు చెల్లెలే లేదట. మన నమ్మకం సంపాదించడానికి అల్లిన కట్టుకథ అట. సరే, మోసపోయాననుకుంటాను. కథల్లో మోసపోవడం నాకు ఇష్టమే. మరి ఆ పద్నాలుగు రాళ్ల కింద మేం పెట్టింది ఎవరిని? కొత్త అధ్యాయంలో ఈ ప్రశ్న ఎవరూ అడగలేదు. ఎవరూ అడగకుండా ఉండటానికేమో, అప్‌డేట్‌తో పాటు సమాధినే తీసేశారు. కొండ ఉంది, వాగు ఉంది, రాళ్లు పేర్చిన చోట గడ్డి ఉంది. నేను పూర్తి చేసిన పనుల జాబితాలో మాత్రం పేరు లేని ఖాళీ వరస ఒకటి మిగిలిపోయింది, పక్కన 'పూర్తయింది' అన్న గుర్తుతో సహా.

ఇలా పాత కథను తర్వాత వచ్చి మార్చేయడాన్ని మీ వృత్తిలో రెట్‌కాన్ అంటారు. ఈ పొట్టి మాటకు మూలమైన 'రెట్రోయాక్టివ్ కంటిన్యూయిటీ' అన్న పొడవాటి పేరు 1983లో ఒక అమెరికన్ సూపర్‌హీరో కామిక్‌లో, పాఠకుల ఉత్తరాల పేజీలో అచ్చయింది. కాబట్టి దీని గురించి ఉత్తరం రాయడం సబబే అనుకుంటాను. పాత కావ్యాల పండితులకైతే ఈ వ్యవహారం కొత్తదేమీ కాదు. ఒకరి కావ్యంలో మరొకరు చొప్పించిన పద్యాన్ని ప్రక్షిప్తం అన్నారు. ఒకే పద్యం రెండు ప్రతుల్లో రెండు రకాలుగా ఉంటే పాఠాంతరం అన్నారు. పాఠాంతరం దొరికినప్పుడు మంచి పరిష్కర్త తనకు నచ్చినదాన్ని పైన వేసి, రెండోదాన్ని అడుగున చిన్న అక్షరాల్లో ఇస్తాడు. తాటాకును పొయ్యిలో పెట్టడు.

పాత్రల గతాన్ని ముట్టుకోవద్దని చెప్పడానికి ఈ ఉత్తరం రాయడం లేదు. మొదటి ఆట రాసేటప్పుడు రెండోది వస్తుందన్న నమ్మకం మీకు ఉండదు. చాలాసార్లు ఆట ముందు తయారై కథ తర్వాత వచ్చి అతుక్కుంటుంది. మ్యానువల్ ఒకరు రాస్తారు, సంభాషణలు ఇంకొకరు రాస్తారు, పదేళ్ల తర్వాత ఇద్దరూ ఆ సంస్థలో ఉండరు. ఇవన్నీ నాకు తెలుసు.

నా ఫిర్యాదు ఒక్కటే. ఆటలో గతం రెండు రకాలు. మాకు చెప్పిన గతం ఒకటి: ఎవరో పాత్ర చలిమంట పక్కన కూర్చుని చెప్పింది, మ్యానువల్‌లో అచ్చయింది, గోడ మీద చెక్కి ఉన్నది. అది పూర్తిగా మీది, ఎలాగైనా దిద్దుకోండి. ఆ పాత్ర అబద్ధమాడిందనండి, గోడ మీద చెక్కినవాడు తాగి చెక్కాడనండి. మా చేత చేయించిన గతం రెండోది. అందులో మాకు వాటా ఉంది. నవల చదివేవాడు హత్య జరగడం చూస్తాడు, ఆట ఆడేవాడు ట్రిగ్గర్ నొక్కుతాడు. కొన్నేళ్లకు వచ్చి "అసలు అలా జరగనే లేదు" అని మీరంటే, ఆ గీత మీ కాగితం దాటి మా జ్ఞాపకం మీద పడుతుంది.

సామస్ అరాన్ సంగతి చూడండి. 1986లో మెట్రాయిడ్ వచ్చినప్పుడు ఆమె ఒంటరి అంతరిక్ష వేటగత్తె, తల నుంచి కాలి దాకా కవచం. త్వరగా ఆట ముగించినవారికి చివర్లో కవచం తీసి చూపిస్తే గాని ఆమె స్త్రీ అని తెలియదు. ఇంగ్లిష్ మ్యానువల్ అయితే ఆమెను మగవాడిగానే రాసింది. (ఈ గుట్టు తెలుగులో దాచి చూడండి! 'వచ్చాడు' అంటే అబద్ధం, 'వచ్చింది' అంటే రహస్యం బట్టబయలు. ఆట పొడవునా 'సామస్ గారు విచ్చేశారు' అంటూ మర్యాదతో గట్టెక్కాల్సిందే.)

ఆ ఆటలోనే రిడ్లీ అనే రెక్కల రాక్షసుడు ఉంటాడు. 1994లో వచ్చిన సూపర్ మెట్రాయిడ్ వాడితోనే మొదలవుతుంది. అంతరిక్ష కేంద్రంలో చీకటి గది, ముందు ఒక కన్ను మెరుస్తుంది, ఆ తర్వాత ఒళ్లంతా బయటపడుతుంది. అక్కడ తప్పించుకుపోయినవాణ్ని మళ్లీ నార్ఫెయిర్ అనే ప్రాంతం అడుగున పట్టుకోవాలి. ఆ గదిలో నేను ఎన్నిసార్లు చచ్చానో చెప్పుకుంటే పరువు పోతుంది. క్షిపణులు అయిపోయి, శక్తి అడుగంటి, అరచేతులు చెమటపట్టి, చివరికి ఒక సాయంత్రం కూల్చాను. సామస్ అక్కడ జంకలేదు. నేను జంకనివ్వలేదు.

2010లో అదర్ ఎమ్ వచ్చింది. కథాకాలం ప్రకారం ఇది సూపర్ మెట్రాయిడ్ తర్వాతి సంగతి. ఇందులో రిడ్లీ ఎదురుపడగానే సామస్ కొయ్యబారిపోతుంది. చిన్నపిల్లై వణికిపోతున్నట్టు చూపిస్తారు. చిన్నప్పుడు ఆమె తల్లిదండ్రులు చనిపోయింది వాడి దాడిలోనే. జపాన్‌లో వచ్చిన మాంగాలో, అంటే బొమ్మల కథలో, ఆ సంగతి ముందే ఉంది. భయపడటం తప్పని నేను అనను. చిన్ననాటి గాయం ఎప్పుడు తిరగబెడుతుందో ఎవరు చెప్పగలరు? వీరనారి వణకకూడదనే వాదన కూడా నాది కాదు. ఆ వణుకు వాడు మొదటిసారి ఎదురైనప్పుడు వచ్చి ఉంటే మారుమాట లేకుండా నమ్మేవాణ్ని. మరి అంతకుముందు వాణ్ని నా చేతులతో కూల్చిన ఆ సాయంత్రాన్ని ఎక్కడ పెట్టుకోవాలి? ఆ దృశ్యం నడుస్తున్నంతసేపూ కంట్రోలర్ నా చేతిలోనే ఉంది. ఏ బటన్ నొక్కినా పలకలేదు.

అదే ఆటలో ఇంకొక ముచ్చట ఉంది. మంటల ప్రాంతంలో నడుస్తుంటే వేడికి సామస్ శక్తి క్షణక్షణానికీ కరిగిపోతుంటుంది. ఆ వేడిని తట్టుకునే కవచం ఆమె దగ్గరే ఉంది. అయినా దాన్ని వాడదు. ఎందుకంటే పాత సేనాని ఆడమ్ మాల్కోవిచ్ ఇంకా అనుమతి ఇవ్వలేదు. ఆయన సరేననేదాకా కాలిపోతూ నడవాలి. సూపర్ మెట్రాయిడ్ దాకా ఏ గదిలోకి వెళ్లడానికీ ఎవరినీ అడగని మనిషి! పాత కథలో ఒక్క వాక్యం కొట్టేయకపోయినా పాత్ర గతాన్ని మార్చేయవచ్చని నాకు అక్కడే అర్థమైంది. బటన్‌కు అడ్డం పడితే సరిపోతుంది.

2021లో డ్రెడ్ వచ్చింది. క్రెయిడ్ అనే పాత శత్రువు, కొండంత ఒళ్లు, గొలుసులతో కట్టేసి ఉంటాడు. సామస్ ముఖం మీదికి వంగి గర్జిస్తాడు. ఆమె కదలదు. నింపాదిగా చేతి ఫిరంగిని సిద్ధం చేసుకుని వాడి ముఖం మీద ఒక్కటి వదులుతుంది. మాటామంతీ లేదు. 2010లో తప్పు జరిగిందని ఎవరూ ప్రకటన ఇవ్వలేదు, ఆ కాసిన్ని క్షణాలనే నేను సవరణ పత్రంగా తీసుకున్నాను. అదే ఆట మరో చోట, సామస్ ఒంట్లో ఉన్న చోజో జాతి వారసత్వం ఎవరెవరిదో కొత్తగా చెప్పింది. అంటే గతాన్ని మళ్లీ తిరగరాసింది. దానితో నాకు పేచీ లేదు. ఆమె రక్తంలో ఏముందో నా వేళ్లకు ఎప్పుడూ తెలియదు కదా.

గతాన్ని తిరగరాస్తూనే ఆడినవాడి చేతిని గౌరవించడం ఎలాగో కూడా మీలోనే కొందరు చూపించారు. 2010 నాటి రెడ్ డెడ్ రిడెంప్షన్‌లో జాన్ మార్స్‌టన్ 1911లో తన పాత ముఠావాళ్లను వేటాడుతుంటాడు. ఆర్థర్ మోర్గన్ అన్న పేరు అతని నోట ఒక్కసారి కూడా రాదు. 2018లో వచ్చిన రెండో ఆట 1899కి వెనక్కి వెళ్లి, జాన్ పెళ్లాంబిడ్డలతో బయటపడి బతికాడంటే అది ఆర్థర్ చలవేనని చెప్పింది. ఇంతకంటే పెద్ద ప్రక్షిప్తం ఉంటుందా? ఈ లెక్కన పాత ఆట కూలిపోవాలి. ప్రాణం నిలబెట్టినవాణ్ని మాటవరసకైనా తలచుకోడా మనిషి? కానీ కూలలేదు. పదుల గంటలు ఆర్థర్‌గా బతికి, మళ్లీ పాత ఆటలోకి వెళ్లి గుర్రమెక్కితే, జాన్ మౌనమే బరువెక్కి కనిపించింది. పైకి చెప్పుకోలేని పేరు ఒకటి అతని గొంతులో ఎప్పటినుంచో ఇరుక్కుని ఉన్నట్టు అనిపించింది. పాత ఆటలో వాళ్లు ఒక్క అక్షరం కూడా కదపలేదు.

అందులోనే ఇంకొక చిన్న సంగతి, నాకు మరీ ఇష్టమైనది. 2010 ఆటలో జాన్‌కు ఈత రాదు. లోతు నీళ్లలోకి వెళ్తే చావే. ఈత కదలికలు తయారుచేసే ఓపిక లేక అలా వదిలేశారని అప్పట్లో తిట్టుకునేవాణ్ని. రెండో ఆటలో ఆర్థర్ హాయిగా ఈదుతాడు. చివరి భాగంలో జాన్ మన చేతికి వస్తాడు. ఆర్థర్ ఈదాడు కదా, ఇతనూ ఈదేస్తాడన్న ధీమాతో నదిలోకి దించాను. మునిగిపోయాడు. పగలబడి నవ్వాను. ఎనిమిదేళ్ల కిందట నేను నీళ్లలో పోగొట్టుకున్న జాన్‌లందరినీ ఎవరో ఒకరు, ఏదో ఒక ఆఫీసులో కూర్చుని, గుర్తుపెట్టుకున్నారన్నమాట.

రెసిడెంట్ ఈవిల్ వాళ్లు ఇంకా తెగించారు. 2017లో వచ్చిన ఏడో ఆటలో ఈథన్ వింటర్స్ చేతిని మొదట్లోనే రంపంతో కోసేస్తారు. కాసేపటికి చూసుకుంటే అది స్టేపుల్ పిన్నులతో అతికించి ఉంటుంది. జాక్ బేకర్ అనే ఇంటి యజమానికి దొరికితే కాలు కూడా తెగిపడవచ్చు. అప్పుడు పాకుతూ వెళ్లి, తెగిన కాలు తెచ్చుకుని, మొండానికి ఆనించి, పైన మందు ఒంపితే అతుక్కుంటుంది. ఆటల్లో మందు సీసా అంటే అంతే కదా అని నవ్వుకున్నాం. 2021లో విలేజ్ వచ్చి ఏమన్నదంటే, ఈథన్ ఆ ఇంట్లో జాక్ చేతికి చిక్కిన తొలిసారే చచ్చిపోయాడట. అప్పటి నుంచి నడిచి, పరుగెత్తి, కాపురం చేసి, బిడ్డను కన్నదంతా బూజు కట్టిన శరీరమట. నాయకుడి గతాన్ని ఇంత ఘోరంగా తిరగరాసినా నాకు కోపం రాలేదు. ఆ మార్పు నా చేతులనే సాక్ష్యానికి పిలిచింది. కాలు పట్టుకుంది నేనే, మందు ఒంపింది నేనే. అతుక్కున్నప్పుడు నాకెందుకు అనుమానం రాలేదని ఆ రాత్రంతా ఆలోచించాను.

ఆ ముసలి సైనికుడి కథ రాసినవారు కూడా ఇలాంటి పని చేసి ఉండవచ్చు. మమ్మల్ని మళ్లీ కొండ ఎక్కించవలసింది. పద్నాలుగు రాళ్లూ మా చేతే తీయించి, కింద ఏమీ లేదనో, ఉన్నది మరెవరో అనో చూపించవలసింది. ఈసారి రాళ్లు కిందికి మోయమన్నా మోసేవాణ్ని.

ఇక్కడ మీరు అడ్డు తగులుతారని తెలుసు. "మేం ఆడించిన గతమే అబద్ధమని తేలే మంచి కథలు లేవా?" అంటారు. ఉన్నాయి. 1997 నాటి ఫైనల్ ఫాంటసీ ఏడో భాగంలో క్లౌడ్ ఒక ఊరి సత్రంలో కూర్చుని ఐదేళ్ల కిందట నిబెల్‌హైమ్ అనే ఊళ్లో జరిగిన సంగతి చెబుతాడు. చెప్పడమే కాదు, మనం ఆడతాం. ఆట చాలా దూరం వెళ్లాక, ఆ రోజు అతను చెప్పిన చోట నిలబడింది జాక్ అనే మరొకడని తేలుతుంది. నా వాదన ప్రకారం నాకు మండాలి. మండలేదు, ఎందుకంటే ఆ సత్రంలో పక్కనే టిఫా ఉంది. ఆ రోజు నిబెల్‌హైమ్‌లో ఉన్న మనిషి. క్లౌడ్ చెబుతున్నది పొంతన లేనిదని ఆమెకు తెలుసు, అయినా నోరు మెదపదు. రెండోసారి ఆడితే ఆమె తటపటాయింపు అడుగడుగునా కనిపిస్తుంది. తాళం వేసినవాళ్లు తాళంచెవిని కూడా అదే గదిలో పెట్టి వెళ్లారు. కర్ణుడి పుట్టుక లాంటిదే ఇది, కాస్త తిరగేసి. అక్కడ వినేవారికి మొదటి నుంచీ తెలుసు, ఆలస్యంగా తెలిసేది కర్ణుడికి. రెండు చోట్లా గతం ఎక్కడిదక్కడే ఉంది, దాని మీది ముసుగు మాత్రమే తొలగింది. దాన్ని రెట్‌కాన్ అనడం అన్యాయం.

అసలు రెట్‌కాన్ దానికి పదేళ్ల తర్వాత వచ్చింది. 2007లో క్రైసిస్ కోర్ అదే నిబెల్‌హైమ్ రియాక్టర్‌ను మళ్లీ చూపించింది. ఈసారి ఆ గదిలో జెనిసిస్ అనే ఎర్ర కోటు మనిషి ప్రత్యక్షమై పెద్ద పెద్ద మాటలు మాట్లాడతాడు. అయ్యా, 1997లో నేను ఆ గదిలో ఉన్నాను. అతను లేడు.

మెటల్ గేర్ గురించి ఎక్కువ చెప్పను, మొదలుపెడితే ఈ ఉత్తరం ఆగదు. 2001లో ఆసెలాట్ అనే పాత్రకు చచ్చిన శత్రువు చేయి అతికించారని, ఆ చేతి ద్వారా శత్రువు ఆత్మ పూనిందని చూపించారు. 2008లో అదేమీ కాదు, సమ్మోహన చికిత్సతో, నానోయంత్రాలతో తనకు తానే అలా చేసుకున్నాడన్నారు. రెండు వివరణల్లో ఏది ఎక్కువ విడ్డూరమో తేల్చుకోలేక నవ్వి ఊరుకున్నాను. చేయి ఎవరిదైనా, దాన్ని ఆడించింది నేను కాదు.

లెలియానా విషయంలో మాత్రం నవ్వి ఊరుకోలేను. 2009లో వచ్చిన డ్రాగన్ ఏజ్: ఆరిజిన్స్‌లో పవిత్ర భస్మాన్ని అపవిత్రం చేయాలా వద్దా అని మనల్నే అడుగుతారు. చేస్తే, వెంట ఉన్న లెలియానా కత్తి ఎత్తుతుంది, ఆమెను చంపాల్సి వస్తుంది. నేను చంపాను. ఏం జరుగుతుందో చూద్దామన్న దుర్బుద్ధితో చేసిన పని అది. తర్వాత చాలాసేపు పాత సేవ్ ఫైల్‌ను తిరిగి తెరుద్దామా అని ఆలోచించి, చేసినదాన్ని మోయాలి కదా అని తెరవకుండా వదిలేశాను. 2011లో రెండో ఆటలో ఆమె నడిచి వచ్చింది. 2014లో మూడో ఆటలో ఏకంగా మన కొలువులో సలహాదారు. నేను చేసిన ద్రోహం ఒక్కటే ఆ ప్రపంచంలో నా సొంతం, దాన్ని కూడా నా దగ్గర ఉంచలేదు. తిరిగి తీసుకునే ఉద్దేశం ఉన్నప్పుడు ఆ కత్తి నా చేతికి ఎందుకిచ్చారు?

డాగర్‌ఫాల్ వారికి ఇంతకంటే పెద్ద చిక్కు వచ్చింది. 1996 నాటి ఆ ఆటకు చాలా ముగింపులు ఉన్నాయి. అద్భుత శక్తి గల వస్తువును ఎవరికి అప్పగిస్తే వారు గెలుస్తారు. మరి తర్వాతి ఆటలో ఏది అసలు ముగింపు? వాళ్లు ఏదీ కాదనలేదు. అన్నీ ఒకేసారి జరిగాయన్నారు. ఆ కొన్నాళ్లు కాలమే విరిగిపోయిందని, దానికి డ్రాగన్ బ్రేక్ అని పేరు పెట్టి, తర్వాతి ఆటల్లో ఉండే పుస్తకాల్లో ఆ వింతను చరిత్రకారుల చేత చర్చింపజేశారు. తప్పించుకునే ఎత్తే, కాదనను. అయినా ఒక్క ఆటగాడి శ్రమ కూడా అబద్ధం కాలేదు.

ఒకప్పుడు మీరు గతాన్ని మార్చినా పాత డిస్కు మా అరలో ఉండేది. లారా క్రాఫ్ట్ విమానం హిమాలయాల్లో కూలిందని 1996లో అన్నారు, అప్పుడామెకు ఇరవై ఒక్కేళ్లు. 2006కు వచ్చేసరికి అదే ప్రమాదం తొమ్మిదేళ్ల వయసులో, తల్లి పక్కన ఉండగా జరిగిందన్నారు. ఎవరికి నచ్చిన లారాను వారు ఆడుకున్నారు. ఇప్పుడు ఆటలు మీ సర్వర్లలో ఉంటాయి. మీరు దిద్దితే మా దగ్గరున్న ప్రతి కూడా మేం నిద్రలేచేసరికి మారిపోయి ఉంటుంది.

లీగ్ ఆఫ్ లెజెండ్స్ 2009లో మొదలైనప్పుడు, వీరులను యుద్ధానికి పిలిచే మంత్రవేత్త ఒకడు కథలో ఉండేవాడు. సమనర్ అనేవారు. వెనక ఉండి వీరులను నడిపించేది అతనే, అంటే మౌస్ పట్టుకున్న మనమే. 2014 సెప్టెంబరులో సమనర్లనూ, వారు పోరాటాలు జరిపించే సంస్థనూ కథలో నుంచి తీసేశామని ప్రకటించి, వీరుల పూర్వకథలను ఒక్కొక్కటే తిరగరాస్తూ వచ్చారు. ఆ చట్రంలో వీరులు తోలుబొమ్మలే అయిపోతున్నారన్న బాధ న్యాయమైనదే, కొత్త కథలు చాలావాటికి పాతవాటికన్నా ప్రాణం ఎక్కువ. కానీ తీసేసిన ఆ పాత్ర ఎవరు? నేను. ఒక సెప్టెంబరు రోజు నేను ఆ ప్రపంచంలో ఎన్నడూ లేనివాణ్నయ్యాను, ఆడుతూనే. పాత కథలు కావాలంటే అభిమానులు ఓపికగా దాచిపెట్టిన చోట్ల వెతుక్కోవాలి.

తప్పు ఒప్పుకోవడం మీ కులానికి చేతకాదని ఎవరైనా అంటే నేను ఒప్పుకోను. వార్‌క్రాఫ్ట్ మూడో ఆట మ్యానువల్‌లో 2002లో ఒక సంగతి రాశారు. ఎరెడార్ అనే దుష్ట మాంత్రికులను ఎదుర్కొన్నాక సార్గెరాస్ అనే వీరుడు మనసు విరిగి చెడ్డదారి పట్టాడని దాని సారాంశం. బర్నింగ్ క్రూసేడ్ అనే కొత్త భాగాన్ని ప్రకటించేసరికి అంతా తలకిందులు: ఎరెడార్లు మంచివారు, వారిని చెడగొట్టింది సార్గెరాస్. పాఠకులు మ్యానువల్ పేజీలు తెరిచి నిలదీశారు. 2006లో ఆ కథలకు పెద్దదిక్కైన క్రిస్ మెట్జెన్ స్వయంగా జవాబు రాశాడు. తను రాసిన మ్యానువల్‌నే తను మరిచిపోయానని, తప్పు తనదేనని. ఆ మార్పును వెనక్కి తీసుకోలేదు, అయినా ఆ జవాబు చదివాక నాకు కోపం నిలవలేదు. ఇంతకీ మనిషే కదా రాసింది అనిపించింది.

అదే సంస్థ 2010లో జరిపిన సభలో ఎర్ర చొక్కా వేసుకున్న ఒక అభిమాని మైకు దగ్గరికి వచ్చి, ఫాల్‌స్టాడ్ వైల్డ్‌హామర్ అనే మరుగుజ్జు నాయకుడు కొత్త కథలో ఎందుకు లేడని అడిగాడు. అతను చనిపోయాడు కదా అని వేదిక మీదివారన్నారు. లేదండీ, మీ ఆటలోనే ఫలానా చోట బతికి ఉన్నాడని అతను చెప్పాడు. వాళ్లు వెళ్లి చూసుకున్నారు. ఫాల్‌స్టాడ్‌కు దక్కాల్సిన చోటు దక్కింది. అంతటితో ఆగక, అతని పక్కన ఎర్ర చొక్కా తొడుక్కున్న ఒక కొత్త మరుగుజ్జును కూడా నిలబెట్టి, నిజాలు సరిచూసేవాడని పేరు పెట్టారు. నా మూడు ఉత్తరాలకు అలాంటి మరుగుజ్జు ఎవరూ రాలేదు.

కొన్ని మార్పులకు ఏ సంజాయిషీ అక్కర్లేదు. ఓవర్‌వాచ్‌లో ఒక తుపాకీ వీరుడికి సంస్థలోని నిజమైన ఉద్యోగి పేరు ఉండేది. ఆ ఉద్యోగి వెళ్లిపోయాక 2021లో ఆ పాత్ర పేరును కోల్ కాసిడీ అని మార్చారు. పాత పేరు పారిపోయినవాడు పెట్టుకున్న మారుపేరని కథలో ఒక మాట అనేశారు. మంచిపనే. పాతకాలపు ఆటల్లో ఒక జాతినో, ఆడవారినో వెక్కిరిస్తూ రాసిన పూర్వకథలు కొట్టేస్తానంటే కలం నేనే అందిస్తాను.

అడిగేది పెద్దదేమీ కాదు. గతాన్ని మార్చే ముందు, ఆ చోట ఆటగాడి చేత ఏం చేయించారో ఒకసారి మీరే ఆడి చూడండి. రాసిన కాగితాలు చదవడం చాలదు, కాగితంలో రాళ్ల బరువు ఉండదు. ఆడాక కూడా మార్చాలనిపిస్తే మార్చండి. అప్పుడు మాత్రం పాత పాఠాన్ని ఆటలోనే ఎక్కడో ఒక మూల, పాత పుస్తకంగానో పిచ్చివాడి పాటగానో ఉండనివ్వండి. మేం చేసిన పనికి కొత్త అర్థం ఇవ్వండి. పనే జరగలేదని మాత్రం అనకండి.

మొన్న మళ్లీ ఆ కొండ ఎక్కాను. గడ్డి ఏపుగా పెరిగింది, గాలికి అందంగా ఊగుతోంది, ఆ పని చేసిన చిత్రకారుణ్ని మెచ్చుకోవాలి. అలవాటు కొద్దీ అదే చోట నిలబడి అదే బటన్ నొక్కాను. సమాధి లేదు కాబట్టి ఆ బటన్‌కు ఇప్పుడు మామూలు పనే మిగిలింది. నా పాత్ర ఉన్నచోటే ఒక గంతు వేసింది.

ఇట్లు,
పద్నాలుగు రాళ్లు మోసినవాడు